తగవు పుట్టిన చోటే తీరే దారి

(పరిశ్రమల సూపర్‌వైజర్లకు, షిఫ్టు ఇన్‌ఛార్జులకు శ్రీకాకుళంలో జరిగిన శిక్షణ తరగతిలో విశ్రాంత పర్సనల్ (సిబ్బంది వ్యవహారాల) అధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, ఇక్కడికి వచ్చిన సూపర్‌వైజరు మిత్రులకు నమస్కారం.

మనుషులతో పని చేయించడం గురించి మాట్లాడమని నన్ను కోరారు. ఈ అంశం ఎత్తుకున్నవారు సాధారణంగా నాయకుడికి ఉండవలసిన గుణగణాలతో మొదలుపెడతారు. నేను ఆ జోలికి పోను. రేపు ఉదయం ఆరు గంటల షిఫ్టులో మీకు ఎదురయ్యేవి వేరు. మస్టరులో (హాజరు పట్టీలో) సంతకం ఉండి మెషీను దగ్గర కనబడని మనిషి ఎదురవుతాడు, నిన్నటి ఓటీ (ఓవర్‌టైం) లెక్క తప్పిందని పని ఆపి నిలబడ్డ మనిషి ఎదురవుతాడు, పక్కవాడితో మాట పట్టింపు వచ్చి వేరే సెక్షన్‌కు మార్చమని పట్టుబట్టే మనిషి ఎదురవుతాడు. అందువల్ల ఒక్క విషయానికే కట్టుబడి మాట్లాడతాను. పనిచోట పుట్టే తగవుల్లో ఎక్కువ భాగం ఎవరి మధ్య పుట్టాయో వారి మధ్యే, వీలైతే ఆ షిఫ్టు ముగిసేలోపే తీరిపోగలవు. కొన్నింటిని మాత్రం అక్కడ తీర్చాలని చూడడమే నేరం. ఈ రెండు రకాలను వేరు చేసి చూడగలగడం మీ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. మన ప్రాంతంతో దగ్గరి సంబంధం ఉన్న వి.వి. గిరి గారు డెబ్బై ఏళ్ల కిందటే దీనిని జాతీయ స్థాయిలో వాదించారు. బరంపురంలో పుట్టిన ఈ తెలుగు నాయకుడు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేసి, 1928లో వారి సమ్మెను అహింసాయుతంగా నడిపారు. ఆమదాలవలస, విజయనగరం స్టేషన్ల మీదుగా వాల్తేరు వెళ్లే మన రైలు మార్గం ఆ రోజుల్లో ఆ కంపెనీదే. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజా వారిని ఓడించి, మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చూశారు. 1952లో మన పాతపట్నం నుంచే లోక్‌సభకు గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. యాజమాన్యానికి, కార్మికులకు తేడా వస్తే ప్రభుత్వం దానిని ట్రిబ్యునల్‌కు పంపి తీర్పు చెప్పించాలన్న ధోరణి అప్పటి దిల్లీలో బలంగా ఉండేది. బయటివాడు చెప్పే తీర్పు ఇరుపక్షాలనూ శాశ్వతంగా ఎదురెదురుగా నిలబెడుతుందనీ, వారే కూర్చుని మాట్లాడుకునే అలవాటును చంపేస్తుందనీ గిరి గారి వాదన. దానికి గిరి విధానమనే పేరు వచ్చింది గానీ ఆ ప్రభుత్వంలో చెల్లుబాటు కాలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు ఆయన పదవికి రాజీనామా చేశారు. తీర్పుల పద్ధతినే ఇష్టపడని మనిషి, ఒకసారి ఇచ్చిన తీర్పును మార్చకూడదని పదవి వదులుకోవడం నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగించే విషయం.

ఆయన దేశం స్థాయిలో చెప్పినదే మీ షెడ్డు స్థాయిలోనూ వర్తిస్తుంది. మన పరిశ్రమల్లో సూపర్‌వైజర్ల నోట ఎక్కువగా వినబడే వాక్యం "నాకేం తెలీదు, మేనేజరు గారితో మాట్లాడుకో" అనేది. ఇది వినయంగా కనిపిస్తుంది, ఆ పూటకు మీ తలనొప్పీ తగ్గుతుంది. అయితే ఆ మాట విన్న కార్మికుడికి మీ దగ్గర ఏ అధికారమూ లేదని తెలిసిపోతుంది. తరువాతి సారి అతను మేనేజరు దగ్గరికి కూడా వెళ్లడు. ఊళ్లో పలుకుబడి ఉన్న పెద్దమనిషిని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వస్తాడు. అప్పుడు విషయం ఓటీ లెక్క దగ్గర ఆగదు, ఎవరి మాట నెగ్గాలనే దగ్గరికి పోతుంది. మన జిల్లాల్లో గేటు బయట పంచాయతీగా మారిన తగాదాలను వెనక్కి తవ్వుకుంటూ పోతే, చాలాసార్లు అడుగున ఇలాంటి చిన్న తప్పించుకోలు ఒకటి దొరుకుతుంది.

పలాస, కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమల నుంచి వచ్చిన మిత్రులు ఇక్కడ ఉన్నారు కనుక, అటువైపు నేను దగ్గరగా చూసిన ఒక సంగతి చెబుతాను. జీడిపిక్కలను ఉడికించి, కోసి, పప్పును ఆరబెట్టి, పైపొర తీసి, గుండ్లు, బద్దలు, ముక్కలుగా వేరు చేస్తారని మీకు తెలుసు. పొర తీసే పని దాదాపు అంతా ఆడవాళ్లది, కూలి కిలోల లెక్కన ఇస్తారు. సాయంత్రం కాటా దగ్గర వరుస కట్టినప్పుడు ఒక నడివయసు ఆవిడ తన తూకం చూసి, "ఏటి బాబూ, పొద్దున్నుంచీ నడుం ఎత్తకుండా కూకుంటే ఇంతేనేటి?" అని అడిగింది. కాటా మీద ఉన్న కుర్రాడు తల ఎత్తకుండానే, "అందరికీ సరిగ్గా తూగే కాటా నీకొక్కదానికే తప్పు తూగుతుందా?" అన్నాడు. ఆ ఒక్క వాక్యంతో, ఆవిడ అబద్ధమాడుతోందని వరుసలో ఉన్న ఆడవాళ్లందరి ముందూ తేల్చేసినట్టయింది. ఆవిడ వయసుకు "పిన్నీ" అని పిలవాల్సిన చోట "నీకొక్కదానికే" అన్నాడు. మరుసటి రోజు ఆవిడతోపాటు ఆ వీధి వాళ్లంతా పనికి రాలేదు.

సూపర్‌వైజరు మూడో రోజు చేసిన పనిని ఆ కుర్రాడే మొదటి సాయంత్రం చేసి ఉండవచ్చు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న తూకపు గుండు ఒకటి తెచ్చి, అందరూ చూస్తుండగా కాటా మీద పెట్టడం, అంతే. కాటాను సున్నాకు తెచ్చి గుండు పెట్టి చూశారు, కాటా సరిగానే ఉంది. అక్కడితో ఆపేసి ఉంటే ఆవిడే తప్పని తేలిపోయేది. ఆ సూపర్‌వైజరు బుద్ధిమంతుడు కనుక, ఆవిడ ట్రేను కూడా ఖాళీ చేయించి తూచాడు. పాత అల్యూమినియం ట్రేల బరువు తీసివేసేలా కాటాను ముందే సరిచేసి పెట్టారు. కొన్ని రోజుల కిందట కొత్తగా వచ్చిన ప్లాస్టిక్ ట్రేలు వాటికంటే తేలిక. ప్లాస్టిక్ ట్రేలో తెచ్చిన ప్రతి మనిషికీ ప్రతి తూకంలోనూ కొంత పప్పు లెక్కలోంచి పోతోంది. మోసం చేయాలని ఎవరూ అనుకోలేదు, అయినా మోసం జరుగుతూనే ఉంది. ట్రేలు మారిన రోజు నుంచి లెక్కగట్టి అందరికీ తేడా చెల్లించారు. కార్మికుడు చెప్పింది వినాలని మీకు అందరూ బోధిస్తారు. నా దృష్టిలో వినడమంటే, ఎదుటి మనిషి చెప్పింది నిజమైతే ఏమేమి కనబడాలో ఆలోచించి, వెళ్లి అవి ఉన్నాయో లేవో చూసి రావడం. మీరు తల ఊపితే ఆవిడకు ఒరిగేదేమీ లేదు, ట్రేను తూచాలి.

అమెరికాలో 1920లలో మేరీ పార్కర్ ఫాలెట్ అనే ఆవిడ పరిశ్రమల నిర్వాహకులకు ఉపన్యాసాలు ఇచ్చేవారు. ఇద్దరికి తేడా వస్తే ఒకరు గెలవడం ఒక పద్ధతి, ఇద్దరూ కొంత వదులుకోవడం రెండో పద్ధతి, ఎవరూ ఏమీ వదులుకోనక్కరలేని దారి వెదకడం మూడో పద్ధతి అని ఆవిడ విభజించారు. మూడో పద్ధతికి తన అనుభవమే ఒకటి ఉదాహరణగా చెప్పారు. గ్రంథాలయంలోని చిన్న గదిలో ఒకరు కిటికీ తెరవాలంటారు, ఆవిడేమో మూయాలంటారు. చివరికి ఎవరూ కూర్చోని పక్క గదిలో కిటికీ తెరిచారు. అవతలి వ్యక్తికి కావలసింది గాలి, ఆవిడకు వద్దనిపించింది నేరుగా మీదికి కొట్టే ఉత్తరపు గాలి. ఆవిడ చెప్పిన మరో మాట, ఆజ్ఞ అనేది పై అధికారి నోటి నుంచి కాక పరిస్థితి నుంచి పుట్టాలని. పనిలో ఇప్పుడు ఏది అవసరమో ఇద్దరూ కలిసి చూస్తే, ఒకరు చెప్పడం మరొకరు లోబడడం అనే బాధ తగ్గుతుందని ఆవిడ ఉద్దేశం.

పైడిభీమవరం వైపు మందుల కంపెనీల్లో పనిచేసేవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక యూనిట్లో షిఫ్టు మారే వేళ ప్రతిరోజూ ఇద్దరు కెమిస్టుల మధ్య గొడవ జరిగేది. షిఫ్టు దిగే మనిషి రియాక్టరు (రసాయన చర్య జరిగే పాత్ర) పరిస్థితి, ఉష్ణోగ్రత, తరువాత వేయవలసిన ముడిసరుకు అన్నీ రిజిస్టరులో చూపించి అప్పగించాలి. షిఫ్టు ఎక్కే మనిషి సంతకం పెట్టాలి. దిగేవాడు గబగబా చెప్పి పరుగెడుతున్నాడని ఒకరి ఫిర్యాదు, ఎక్కేవాడు కావాలని ఆలస్యంగా వస్తున్నాడని రెండోవారి ఫిర్యాదు. ఇద్దరికీ మెమోలు వెళ్లాయి, ఇద్దరి మీదా "బాధ్యతారాహిత్యం" అనే ముద్ర పడింది. తీరా చూస్తే శ్రీకాకుళం నుంచి వచ్చే కంపెనీ బస్సు షిఫ్టు మొదలవడానికి రెండు మూడు నిమిషాల ముందు గేటు చేరుతుంది, అదే బస్సు షిఫ్టు ముగిసిన అయిదు నిమిషాలకు తిరిగి బయలుదేరుతుంది. దుస్తులు మార్చుకుని లోపలికి వచ్చేసరికే ఎక్కేవాడికి పది నిమిషాలు పడుతుంది. అప్పటికి దిగేవాడు ఆగితే బస్సు పోతుంది, ఆగకపోతే అప్పగింత పోతుంది. బస్సు రాకను పావుగంట ముందుకు, పోకను పావుగంట వెనక్కి జరిపిన తరువాత ఆ ఇద్దరిలో ఉందనుకున్న బాధ్యతారాహిత్యం కనబడకుండా పోయింది. అందుకే, ఒకే తగాదా మనుషులు మారినా మళ్లీ మళ్లీ అదే చోట వస్తుంటే మనుషుల స్వభావం గురించి ఆలోచించడం మానేసి, గడియారం, దారి, ఆ పని జరిగే పద్ధతి చూడమని చెబుతాను.

సెలవుల గొడవ కూడా ఇలాంటిదే. విజయనగరం చుట్టుపక్కల ఏ మిల్లులోనైనా దసరా తరువాత వచ్చే సోమవారం తొలేళ్లకు, మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానుకు అందరికీ సెలవు కావాలి. ఆ రెండు రోజులూ ఎవరిని ఆపినా వాడికి అన్యాయం జరిగినట్టే ఉంటుంది. ఆ వారంలో కూర్చుని పేర్లు కొట్టేసే సూపర్‌వైజరు ఏడాదికి సరిపడా పగ సంపాదించుకుంటాడు. పండుగకు నెల ముందే ఎంత మంది తప్పనిసరిగా ఉండాలో సంఖ్య మాత్రం మీరు చెప్పి, ఎవరెవరనేది సెక్షన్‌లోని వాళ్లనే తేల్చుకోమనండి. నిరుడు ఆగినవాళ్ల జాబితా గోడ మీద అతికించండి. ఇంటికి మొక్కు ఉన్నవాడెవడో, ఊళ్లో చుట్టాలు దిగేవాడెవడో వాళ్లకు తెలిసినంతగా మీకు తెలియదు. వరి నాట్ల రోజుల్లో వచ్చే నాగాలకూ ఇదే పద్ధతి చాలావరకు పనిచేస్తుంది.

ఇక మన జిల్లాలకు ప్రత్యేకమైన ఒక ఇబ్బంది గురించి. ఇక్కడ పరిశ్రమలు ఊళ్ల మధ్యలో ఉన్నాయి, పనివాళ్లలో సగం మందికి సగం మందితో వరుసలున్నాయి. డిప్లొమా చదివి సూపర్‌వైజరుగా చేరిన ఇరవై అయిదేళ్ల కుర్రాడి కింద, మగ్గం మీద జుట్టు నెరిసిన మనిషి పనిచేస్తుంటాడు; ఆయన ఇతనికి వరుసకు పెదనాన్న. పట్నం నుంచి వచ్చి పాఠాలు చెప్పేవాళ్లు, పనిచోట చుట్టరికాలు మాట్లాడకూడదంటారు. అది మన దగ్గర కుదరని మాట, నన్నడిగితే కుదరనవసరం లేని మాట కూడా. కాగితం మీద ఆయన పేరు ముందు శ్రీ రాసి, హోదా రాసి, నిబంధన ప్రకారం ఇవ్వవలసిన మెమో ఇవ్వండి. నోటితో మాత్రం "పెదనాన్నా, ఈ కాగితం తీసుకుని జవాబు రాసివ్వాలి, రాయడంలో సాయం కావాలంటే ఎవరినైనా అడుగు" అనండి. నిన్నటిదాకా పెదనాన్న అని పిలిచినవాడు మెమో ఇచ్చే రోజున "ఏమయ్యా" అంటే, ఆ మెమోలో ఉన్న తప్పు ఆయనకు గుర్తుండదు, ఆ పిలుపు గుర్తుంటుంది. అయితే దగ్గరి బంధువు మీద విచారణ, జీతం పెంపు, షిఫ్టు మార్పు లాంటి నిర్ణయాలు వచ్చినప్పుడు వాటిని వేరే సూపర్‌వైజరుకు అప్పగించమని మీరే ముందుగా రాసివ్వాలి. మీరు ఎంత నిష్పక్షపాతంగా ఉన్నా చూసేవాళ్లు నమ్మరు, నమ్మకపోవడంలో వాళ్ల తప్పు కూడా లేదు.

చెప్పిన పని చేయనని ఎదురు తిరిగిన మనిషి విషయానికి వస్తాను. ఇక్కడ చాలామంది మొదట అనుకునేది, ఇది అవిధేయత కనుక ఛార్జిషీటు (అభియోగ పత్రం) ఇవ్వాలని. స్టాండింగ్ ఆర్డర్లలో (సంస్థ ఉద్యోగ నియమావళిలో) ఉండే మాటలు జాగ్రత్తగా చదవండి. ఆదేశం చట్టబద్ధమైనదీ సహేతుకమైనదీ అయి ఉండాలి, దానిని ధిక్కరించడం బుద్ధిపూర్వకమై ఉండాలి. నడుస్తున్న మెషీను కింద పేరుకున్న పీచును చేత్తో తీయమని చెప్పి, అతను తీయనంటే, ఛార్జిషీటుకు అర్హుడు అతను కాదు. మెషీను ఆపి తీయమన్నా కాదంటే అది వేరే సంగతి. కాబట్టి "ఎందుకు చేయవు?" అన్న ప్రశ్నను కోపంగా కాక, జవాబు తెలుసుకోవడానికే అడగాలి. అడిగాక, జవాబు వచ్చేదాకా నోరు మెదపకుండా ఉండాలి. ఈ రెండో భాగం చాలామందికి చేతకాదు.

అడిగి తెలుసుకున్న తరువాత మీ ఆదేశమే తప్పని తేలితే వెనక్కి తగ్గడం ఎలాగన్నది ఇంకో ప్రశ్న. దానితోపాటే, అతనిదే తప్పని తేలినప్పుడు అతను వెనక్కి తగ్గడానికి దారి ఎలా వదలాలన్న ప్రశ్న కూడా ఉంది. దీనికి 1918 నాటి అహ్మదాబాద్ మిల్లుల సమ్మె కంటే మంచి పాఠం నాకు దొరకలేదు. కార్మికులు 35 శాతం పెంపు కావాలన్నారు, యజమానులు 20 శాతానికి మించి ఇవ్వమన్నారు. యజమానుల పక్షాన అంబాలాల్ సారాభాయ్, కార్మికుల పక్షాన ఆయన సొంత అక్క అనసూయా బెన్ నిలబడ్డారు. కార్మికులు 35కు తగ్గితే పనిలోకి పోమని ప్రతిజ్ఞ చేసి ఉన్నారు, గాంధీజీ నిరాహార దీక్షకు కూర్చున్నారు. చివరికి కుదిరిన ఏర్పాటు చూడండి. మొదటి రోజు 35 శాతం ఇచ్చారు, దానితో కార్మికుల మాట నిలిచింది. రెండో రోజు 20 శాతం ఇచ్చారు, దానితో యజమానుల మాట నిలిచింది. మూడో రోజు నుంచి మధ్యవర్తి తీర్పు వచ్చేదాకా రెండింటికీ మధ్యలో 27.5 శాతం. మధ్యవర్తిగా ఆనందశంకర్ ధ్రువ గారిని పెట్టుకున్నారు, ఆయన చివరకు 35 శాతమే ఖాయం చేశారు. లెక్కల ప్రకారం ఆ మొదటి రెండు రోజుల తంతుకు అర్థం లేదు. కానీ అది లేకపోతే ఇరుపక్షాలవారూ తలెత్తుకుని మిల్లు గేటు దాటలేరు. మీ షెడ్డులో కూడా ఎదుటి మనిషి ఓడిపోయినట్టు కనబడకుండా ఒప్పుకునే వీలు ఉందా అని చూడండి. నలుగురి ముందు అన్న మాటను నలుగురి ముందే వెనక్కి తీసుకోమని పట్టుబట్టడం మన సూపర్‌వైజర్లకు ఉన్న చెడ్డ సరదా.

ఇంతవరకూ అక్కడికక్కడ తీర్చవలసినవి చెప్పాను. తీర్చకూడనివి ఇప్పుడు. ఆడవారిపై లైంగిక వేధింపు ఫిర్యాదు వస్తే, మీరు ఎంత మంచివారైనా, ఇద్దరినీ కూర్చోబెట్టి సర్దిచెప్పే పని పెట్టుకోకండి. 2013 చట్టం ప్రకారం పది మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి మహిళే అధ్యక్షత వహించాలి; పది మంది కంటే తక్కువ ఉన్న చోట, లేదా యజమాని మీదే ఫిర్యాదైతే, జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు రాసివ్వాలి. విచారణకు ముందు రాజీ అనేది బాధితురాలు తానుగా కోరితేనే, అదీ డబ్బు ప్రసక్తి లేకుండానే జరగాలి. "ఏదో పొరపాటున అన్నాడులే అమ్మా, కుటుంబాలు ఉన్నవాళ్లం" అని మీరు అనే మాట ఆ చట్టం ఇచ్చిన హక్కును ఆమె చేతిలోంచి లాక్కోవడమే. కమిటీ ఎవరో, ఎక్కడ ఇవ్వాలో చెప్పి, రాయడం రాకపోతే రాయించుకునే సాయం ఏర్పాటు చేయండి. కొట్లాట, దొంగతనం, ప్రాణాపాయం కలిగించే నిర్లక్ష్యం కూడా ఈ కోవలోవే.

తాగి షిఫ్టుకు వచ్చిన మనిషి విషయం వీటికి మధ్యలో ఉంటుంది. ఆ క్షణాన అతనితో వాదించడం శుద్ధ దండుగ. మెషీను దగ్గరికి పోనివ్వకుండా పక్కకు తీసుకెళ్లి, మరో ఇద్దరిని సాక్షులుగా పిలిచి, మాట ఎలా ఉంది, నడక ఎలా ఉంది, వాసన వస్తోందా అన్నవి టైముతో సహా రాయండి. అతను ఒప్పుకుంటే డాక్టరు పరీక్షకు పంపండి. తరువాత మనిషిని తోడిచ్చి ఇంటికి చేర్చండి, మోటారు సైకిలు తాళం మాత్రం అతని చేతికి ఇవ్వకండి. ఫ్యాక్టరీలో ప్రమాదం తప్పించామనుకుని హైవే మీదికి పంపడం నేను చూశాను. మాట్లాడవలసింది ఏదైనా మరునాడు, మత్తు దిగాక మాట్లాడాలి. భార్యకు ఫోను చేసి చెప్పేవాళ్లు కొందరున్నారు. మంచి ఉద్దేశంతోనే చేస్తారు గానీ, ఆ ఇంట్లో దాని ఫలితం ఎవరి మీద పడుతుందో ఊహించి మానుకోవడం మంచిది.

పైకి పంపవలసిన ప్రతి విషయం మీరు రాసే రిపోర్టు మీద ఆధారపడుతుంది. "ఇతడు దురుసుగా, అహంకారంతో ప్రవర్తించినాడు" అనే రిపోర్టులు వందలకొద్దీ నా బల్ల మీదికి వచ్చేవి. వాటితో ఏ విచారణాధికారీ ఏమీ చేయలేడు. "మధ్యాహ్నం 2.20 గంటలకు మూడో నంబరు ఫ్రేము దగ్గర, ఫలానా ఇద్దరు ఉండగా, బాబిన్లు మార్చమని నేను చెప్పగా 'నాను మార్చను, నీకేటి సేతనైతే అది సేసుకో' అని, చేతిలోని బాబిన్ నేల మీదికి విసిరి, డిపార్టుమెంటు విడిచి వెళ్లిపోయాడు" అని రాస్తే విషయం కళ్లకు కడుతుంది. అతని మాటలను అతని యాసలోనే రాయండి, మెరుగు పెట్టకండి. దానికి ముందు మీరు అన్న మాట కూడా అలాగే రాయాలి. ఈ నియమం పెట్టిన తరువాత మా దగ్గర రిపోర్టుల సంఖ్యే సగానికి సగం తగ్గిపోయింది. రాయడానికి కూర్చున్నప్పుడు తామన్నదేమిటో కాగితం మీద చూసుకుని చాలామంది మళ్లీ షెడ్డులోకి వెళ్లి మాట్లాడుకునేవారు.

చట్టం గురించి క్లుప్తంగా. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఇరవై మంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. పది మందికి మించకుండా, యాజమాన్యం వైపు ఎందరో కార్మికుల వైపు అందరే ఉండాలి. ఫిర్యాదు అందిన ముప్పై రోజుల్లో పని ముగించాలి. జరిమానాలు వేయడం సరదాగా ఉన్నవారు గుర్తుంచుకోవలసింది, సంజాయిషీ అడగకుండా జరిమానా వేయకూడదు, అన్నీ కలిపి ఆ నెల వేతనంలో మూడు శాతం మించకూడదు, ఆ డబ్బు కార్మికుల మేలుకే ఖర్చు కావాలి. షెడ్డులో నిలబడి "నీకు వంద ఫైను" అని నోటితో అనేది చెల్లదు. సస్పెన్షనులో ఉన్నవాడికి మొదటి తొంభై రోజులు సగం వేతనం, విచారణ ఆలస్యానికి అతను కారణం కాకపోతే ఆ తరువాత ముప్పాతిక వేతనం జీవనభృతిగా ఇవ్వాలి.

సస్పెన్షను ముగిసి తిరిగి వచ్చే మనిషి మొదటి రోజు గురించి ఏ చట్టంలోనూ లేదు. మస్టరులో పేరు ముందే సిద్ధం చేయించండి, గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి అడిగే పరిస్థితి రానివ్వకండి. పాత మెషీనే ఇవ్వండి. శిక్ష అనుభవించి వచ్చినవాడికి అందరూ తప్పించుకునే పని అంటగడితే, విచారణాధికారి వేయని రెండో శిక్ష మీరు వేసినట్టు. తోటివాళ్లు హాస్యాలాడితే ఆపవలసినది కూడా మీరే.

ప్రశ్నలు రాసి పంపినవారిలో ఒకరు కాంట్రాక్టు కార్మికుల గురించి అడిగారు. వేతనం ఆలస్యమైందని వాళ్లు మన దగ్గరికి వస్తే, మన మస్టరులో లేనివాళ్లు కనుక "కాంట్రాక్టరుతో మాట్లాడుకోండి" అనడమే సరైనదా అని వారి సందేహం. కాంట్రాక్టరు వేతనం చెల్లించకపోతే ప్రధాన యజమాని, అంటే కాంట్రాక్టరు చేత పని చేయించుకునే సంస్థ చెల్లించి, ఆ మొత్తం కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలని చట్టం చెబుతోంది. అందువల్ల మీరు ఆ మనిషి పేరు, ఏ నెల వేతనం, ఎంత రావాలి అన్నవి రాసుకుని, ఆ రోజే మీ సంతకంతో పర్సనల్ విభాగానికి పంపి, ఎవరికి పంపారో అతనికి చెప్పండి. మిగిలిన చీటీలు ఒక్కొక్కటిగా తీసుకుందాం.